పరరాజ్య పరిజ్ఞానం: దిగువ కృష్ణా డెల్టా అనుభవం

కళ్ల ముందే బలపడుతున్న ఒక పెద్ద రాజ్యం గురించి పాలకుడికి నమ్మకమైన సంగతులు చెప్పే విద్యను పరరాజ్య పరిజ్ఞానం అనవచ్చు. వేగు వేరు, ఇది వేరు. వేగువాడు రేపు ఏం జరగబోతుందో పసిగడతాడు. ఈ విద్య తెలిసినవాడు ఆ రాజ్యంలో పన్ను ఎవరు వసూలు చేస్తారో, తిండిగింజలు ఎక్కడి నుంచి వస్తాయో, అక్కడి పెద్దలు దేనికోసం తమలో తాము పోట్లాడుకుంటారో చెబుతాడు. ఇది రాజధానుల వ్యవహారమని అనుకోవడం మనకు అలవాటు. కానీ మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ కలిసిన దిగువ కృష్ణా డెల్టాలో దీనికి నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. పదిహేడో శతాబ్దంలో ఐరోపా కంపెనీలు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జపాను, ఆ శతాబ్దం నడుమ చైనా ఈ నేల ముందుకు ప్రశ్నలుగా వచ్చాయి. ఆ మూడు సందర్భాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఇక్కడ సమాచారానికి ఎన్నడూ కరువు లేదని తెలుస్తుంది. తెలిసినవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. వాళ్లకు తెలిసింది ఒకచోట పోగుపడి, మనిషి మారినా చెదరకుండా, వినేవాడికి చేదుగా ఉన్నా నోరు విప్పగలిగే కచేరీ మాత్రం ఏర్పడలేదు.

క్రీస్తు శకం రెండో శతాబ్దంలో టాలెమీ ఈ తీరాన్ని మైసోలియా అన్నాడు. అతను పేర్కొన్న కొంటకోస్సిల నేటి ఘంటసాల అని పండితుల అభిప్రాయం. అలెగ్జాండ్రియాలో కూర్చున్నవాడి భూగోళంలో మన రేవు ఉంది. అతని ఊరు మన రాతల్లో ఎక్కడుందో వెతుక్కోవాలి. ఘంటసాల మండలంలోనే ఉన్న శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి చెప్పగా రాశానన్న ‘ఆముక్తమాల్యద’లో శ్రీకృష్ణదేవరాయలు రాజనీతి కూడా చెప్పాడు. రేవులు బాగు చేయాలి, దూరదేశాల నుంచి గుర్రాలూ ఏనుగులూ తెచ్చే వర్తకులకు ఊళ్లు, ఇళ్లు, కొలువులో దర్శనం ఇచ్చి దగ్గర చేసుకోవాలి, ఆ సరుకు శత్రువుకు పోకుండా చూసుకోవాలి అన్నది అందులో ఒక భాగం. ముందుచూపున్న మాటే. కాకపోతే అది కొనుగోలుదారు ముందుచూపు. ఓడలో వచ్చే సరుకు మీదున్న శ్రద్ధ ఆ ఓడను పంపినవాడి మీద లేదు.

డచ్చివాళ్లు 1605-06లో, ఇంగ్లీషువాళ్లు 1611లో బందరులో (మచిలీపట్నంలో) దిగారు. అప్పటికి ఈ రేవు గోల్కొండ సుల్తానుల ప్రధాన ద్వారం. 1618 నుంచి 1622 దాకా ఇంగ్లీషు కొఠీలో పనిచేసిన విలియం మెథోల్డ్ గోల్కొండ రాజ్యం మీద రాసిన వివరణ 1626లో లండన్‌లో అచ్చయింది. ఊరికి ప్రాకారం లేదని, జనం ఎక్కువని, బావుల్లో ఉప్పునీళ్లని రాశాడు. (బందరు నీళ్ల మీద ఫిర్యాదు అంత పాతది.) దానితో ఆగి ఉంటే అది యాత్రాకథ అయ్యేది. ఇజారా అనే గుత్త పద్ధతి ఎలా నడుస్తుందో, పై నుంచి కింద దాకా ఎవరు ఎవరికి ఎంత కట్టాలో, వజ్రాల గనిలో పని ఎలా సాగుతుందో, కులాల మధ్య వృత్తులు ఎలా పంచుకున్నారో కూడా పట్టించుకున్నాడు. ఆ మనిషి తర్వాత సూరత్‌లో కంపెనీ అధ్యక్షుడయ్యాడు, ఇంకా తర్వాత లండన్‌లో కంపెనీ డిప్యూటీ గవర్నరయ్యాడు. బందరు బజారులో నేర్చుకున్నది తిన్నగా నిర్ణయాలు తీసుకునే గదిలోకి నడిచి వెళ్లిందన్నమాట.

డచ్చివారి పద్ధతి ఇంకా గట్టిది. కొఠీ పెద్ద ఒకరు దిగిపోయేటప్పుడు తర్వాత వచ్చేవాడి కోసం అప్పగింత పత్రం రాసిపెట్టడం వాళ్ల కంపెనీలో ఆనవాయితీ. ఎవరితో స్నేహం, ఎవరి దగ్గర జాగ్రత్త, ఏ నేత ఎక్కడ చవక, ఏ ఉద్యోగి మాట దర్బారులో చెల్లుతుంది అన్నీ అందులో ఉంటాయి. నకళ్లు బటావియాకు పోతాయి, అక్కడి నుంచి హాలెండుకు. ఈ కొఠీల్లో ఏళ్ల తరబడి ఉన్న డేనియల్ హవార్ట్, కోరమాండల్ తీరం ఎదుగుదల, పతనాల మీద 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పెద్ద గ్రంథమే వేశాడు. గోల్కొండ ఆఖరి రోజుల గురించి రాయబోయే ఏ చరిత్రకారుడూ దాన్ని దాటుకుని పోలేడు. మన రాజ్యం ఎలా కూలిందో తెలుసుకోవడానికి మనం డచ్చి భాష నేర్చుకోవాలి.

గోల్కొండ దొరలు మందమతులు కారు. మీర్ జుమ్లాగా పేరుపడ్డ మహమ్మద్ సయ్యద్ సొంత ఓడలు నడిపాడు, డచ్చి, ఇంగ్లీషు వర్తకుల పోటీని తనకు అనుకూలంగా వాడుకున్నాడు. బందరులో రెండు మూడు ఐరోపా భాషలు మాట్లాడే దుబాసీలు ఉన్నారు. కొఠీ లోపలి గుట్టు వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. మరి అది రాజ్యానికి తెలివిడిగా ఎందుకు మారలేదు? మెథోల్డ్ రాతలోనే జవాబు దొరుకుతుంది. రేవు పెత్తనం ఎక్కువ సొమ్ము కడతానన్నవాడికి ఏడాది లెక్కన దక్కేది. వచ్చే ఏడు తన కుర్చీ ఉంటుందో ఊడుతుందో తెలియని హవల్దారు, ఇరవై ఏళ్ల తర్వాత ముదిరే ముప్పు గురించి ఎందుకు రాసిపెడతాడు? అతనికి కావలసింది ఈ ఓడ మీద సుంకం. దుబాసీ సంగతి వేరే చెప్పనక్కర్లేదు, అతని జీతమూ కమీషనూ కొఠీ నుంచే వస్తాయి. ఒకడికి వ్యవధి లేదు, మరొకడికి స్వతంత్రం లేదు. ఊళ్లో కరణం దగ్గర తరాల లెక్కలు భద్రంగా ఉన్న సమాజంలోనే, సముద్రం వైపు లెక్క మాత్రం ఎవరూ కట్టలేదు.

ఇక్కడొక అభ్యంతరం రావాలి. 1687లో గోల్కొండను పడగొట్టింది ఔరంగజేబు, ఇంగ్లీషువాళ్లు కాదు. కంపెనీ మీద ఎంత పరిశోధన చేసినా మొగలు ఫిరంగి ఆగేదా? ఆగదు. కానీ ఆ లోటు గోల్కొండతో పోలేదు, వారసులకూ సంక్రమించింది. 1759 ఏప్రిల్ 7, 8 తేదీల నడిరాత్రి ఇంగ్లీషు కంపెనీ కర్నల్ ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివారి నుంచి గుంజుకున్నాడు. ముట్టడి వేసిన తెల్ల సైనికుల కంటే కోట లోపలి తెల్ల సైనికులే ఎక్కువ. ఫ్రెంచివారికి సాయంగా సైన్యంతో బయలుదేరి దగ్గర్లోకే వచ్చిన హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్, ఆరు వారాలు తిరక్కముందే, మే 14న, అదే ఇంగ్లీషువారితో ఒడంబడిక చేసుకుని బందరు ప్రాంతాన్ని ధారపోశాడు. ఫ్రెంచివారి బలం గురించి ఫ్రెంచివారే చెప్పినది నమ్మడం, అది తలకిందులు కాగానే గెలిచినవాడు చెప్పినది నమ్మడం, ఈ రెండింటి మధ్య అతనికి మూడో దారి లేకపోయింది. సొంత అంచనా లేనివాడి రాజనీతి ఇలాగే ఉంటుంది.

తెలుగువాళ్లకు పరిశోధన చేతకాదన్న మాట ఎవరైనా అంటే ఏలూరు కావలి సోదరులను చూపించవచ్చు. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కొలువులో కావలి వెంకట బొర్రయ్య, అతను 1803లో పోయాక తమ్ముడు లక్ష్మయ్య, దక్షిణాది ఊరూరా మనుషులను పంపి కైఫీయతులు, శాసనాలు, వంశావళులు పోగుచేశారు. ఒక రాజ్యాన్ని లోపలి నుంచి చదవడానికి కావలసిన పనితనమంతా అందులో ఉంది. అది కంపెనీ కోసం, మన మీద జరిగింది. 1821లో మెకంజీ చనిపోయాక, ఈ పని నేను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే, 1830లలో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. వివరాలు సేకరించడానికి పనికొచ్చిన దేశీయుడు, వాటిని తూచి తీర్పు చెప్పడానికి పనికిరాడన్నది అక్కడి ధోరణి. పరిశోధన శ్రమకూ పరిశోధన స్వాతంత్ర్యానికీ మధ్య ఎంత దూరముందో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదంతం తెలుగు చరిత్రలో నాకు కనిపించదు.

జపాను సంగతి భిన్నం. 1905లో త్సుషిమా జలసంధిలో రష్యా నౌకాదళాన్ని జపాను ముంచేసినప్పుడు ఆసియా అంతటా పుట్టిన ఉత్సాహం తెలుగునాటికీ చేరింది. అప్పటికి బందరులో కృష్ణాపత్రిక మూడేళ్ల వయసుది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య పూనికతో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వచ్చింది. ఆ కళాశాలలో పాఠాలు చెప్పినవారిలో మొవ్వ దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య ఒకరు. లాహోరులో జపనీయ భాష నేర్చుకుని, 1913లో బాపట్లలో ఆ భాషలో నిండు ఉపన్యాసం ఇచ్చి ‘జపాన్ వెంకయ్య’ అయ్యాడు. జెండా రూపకర్తగా దేశం అతన్ని తలుచుకుంటుంది గానీ, ఎదుగుతున్న ఒక మహాశక్తి గురించి దాని భాషలోనే తెలుసుకోవాలని వందేళ్ల కిందట ఈ డెల్టాలో ఒక మనిషికి తోచిందన్న సంగతి అంతకు తక్కువ విశేషమేమీ కాదు.

అయితే బిరుదుల వరుస చూడండి: జపాన్ వెంకయ్య, పత్తి వెంకయ్య, వజ్రాల వెంకయ్య. భాష, పత్తి వంగడాలు, భూగర్భశాస్త్రం, అన్నీ ఒకే మనిషి భుజాన. అతని ప్రతిభకు అది నిదర్శనమే, చుట్టూ ఉన్న లేమికీ నిదర్శనమే. జపాను అధ్యయనం ఒక శాఖగా నిలదొక్కుకోలేదు. పొగిడినవాళ్లు త్సుషిమాను చూశారు. 1895లో తైవానును, 1910లో కొరియాను మింగిన జపానును చూడటానికి ఎవరికీ తీరిక లేకపోయింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. పరాయి పాలనలో ఉన్నవాళ్లకు సలహా చెప్పడానికి సొంత ప్రభుత్వమే లేదు కదా, పరిశోధన ఎవరి కోసం చేస్తారని అడగవచ్చు. నిజమే, ఆ కాలం వారిని తప్పుపట్టలేం. నిర్ణయం చేతిలో లేనప్పుడు పరిజ్ఞానం ఆరాధనగానో ఆవేశంగానో మారిపోతుంది. లెక్క తప్పితే నష్టపోయేవాడు ఎదురుగా ఉంటేనే లెక్కకు పదును.

మూడో సందర్భం నేటికి అన్నింటికంటే దగ్గరిది, వాదనకు అన్నింటికంటే బలమైనది. దివితాలూకాలో చల్లపల్లి జమీందారీకి వ్యతిరేకంగా రైతుకూలీ పోరాటాలు నడిపిన కమ్యూనిస్టుల్లో ముఖ్యుడు చండ్ర రాజేశ్వరరావు. 1914లో చల్లపల్లి దగ్గర మంగళాపురంలో సంపన్న రైతు కుటుంబంలో పుట్టాడు. 1948లో ఆంధ్ర కమిటీ తన పార్టీ కేంద్ర నాయకత్వానికి ఒక పత్రం పంపింది. అదే ఆంధ్ర సిద్ధాంతంగా చరిత్రకెక్కింది. మన దేశానికి రష్యా దారి కాదు, మావో చెప్పిన నూతన ప్రజాస్వామ్యం దారి చూపుతుంది, విప్లవం రెండు దశల్లో నడవాలి, ధనిక రైతును శత్రువుగా చూడకూడదు అన్నది దాని సారం. బీజింగ్‌లో మావో కొత్త రాజ్యాన్ని ప్రకటించడానికి ఏడాదికి పైగా ముందే, చైనా పెద్ద శక్తి కాబోతోందని, దాన్ని విడిగా చదవాలని కృష్ణా గోదావరి డెల్టాల నుంచి వచ్చిన నాయకులు పట్టుకున్నారు. ఏ రాజకీయం వైపు నిలబడి చూసినా అది చిన్న సంగతి కాదు. అప్పటి పార్టీ ప్రధాన కార్యదర్శి రణదివే మావోను బాహాటంగా విమర్శిస్తూ దాన్ని తోసిపుచ్చాడు.

తర్వాత జరిగినది ఇంకా విలువైన పాఠం. ఆంధ్ర పత్రం సరైనదా కాదా అని ఎవరూ చైనా వైపు తిరిగి తేల్చలేదు. 1950 జనవరిలో మాస్కో పెత్తనంలోని కమ్యూనిస్టు పార్టీల కూటమి కామిన్‌ఫాం పత్రిక సంపాదకీయం చైనా దారిని మెచ్చుకుంది. రణదివే దిగాడు, రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి అయ్యాడు. 1951 ఫిబ్రవరిలో రాజేశ్వరరావు, కృష్ణకు అవతలి రేపల్లె ప్రాంతం నుంచి మాకినేని బసవపున్నయ్య, వాళ్లతో డాంగే, అజయ్ ఘోష్ రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. చైనా సైన్యానికి వెనక ఆనుకోవడానికి మంచూరియా పక్కన సోవియట్ దేశం ఉంది, మీకు అలాంటి దన్ను లేదు, పైగా మీది రైలుమార్గాలు అల్లుకున్న దేశం అన్నది ఆయన చెప్పినదాని తాత్పర్యం. ఆ ఏడు అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటం విరమించారు. స్టాలిన్ చెప్పిన సంగతుల్లో రహస్యమేమీ లేదు. పటం ముందు పెట్టుకుని, చైనా అంతర్యుద్ధం వివరాలు వరుసగా చదివితే చల్లపల్లిలోనే తేలే విషయాలు. చైనా గురించి వాళ్లకున్న ఆధారం ఇంగ్లీషులోకి వచ్చిన ప్రచురణలు, తీర్పు చెప్పే పీఠం మూడో దేశంలో. ఆలోచన సొంతం, సాక్ష్యం అరువు. విప్లవ పార్టీని విధానకర్తల కోవలో ఎలా చేరుస్తారని ఎవరైనా అడిగితే, వేల మంది ప్రాణాలు ఆధారపడిన నిర్ణయాలు తీసుకున్నవాళ్లను ఇంకేమనాలి?

ఢిల్లీ అనుభవం దీనికి మరీ దూరమేమీ కాదు. శాంతినికేతన్‌లో తాన్ యున్‌షాన్ చేతుల మీదుగా 1937లోనే చీనా భవనం వెలిసినా, అక్కడి దృష్టి బౌద్ధం, సాహిత్యం, సంస్కృతి మీద. పాలకులకు పనికొచ్చే చైనా అధ్యయనం 1962 యుద్ధంలో దెబ్బతిన్నాక గానీ ఊపందుకోలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శాఖ 1964లో వచ్చింది, దానికి అమెరికా ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బు తోడైంది, తొలితరం పండితుల్లో కొందరు అమెరికాలో తర్ఫీదు పొందారు. వాళ్ల నిజాయితీని శంకించనక్కర్లేదు. అయినా ఏ ప్రశ్న ముఖ్యమన్నది డబ్బుతోపాటు కొంత దిగుమతి అవుతుంది. తర్వాత చైనా అధ్యయన సంస్థ, జేఎన్‌యూ, చెన్నైలోని కేంద్రం లాంటివి ఎదిగాయి. జేఎన్‌యూ ఆచార్యుడు శ్రీకాంత్ కొండపల్లి చైనా సైన్యం మీద, నౌకాదళం మీద విడివిడిగా గ్రంథాలు వేశాడు. ఇంతా చేసి, 2023 నడిమికి చైనాలో భారతీయ పత్రికల తరఫున ఒక్క విలేకరీ మిగల్లేదు. రెండు ప్రభుత్వాలూ పోటీపడి వీసాలు ఆపుకున్న ఫలితమది. అప్పుడు అక్కడి నుంచి మనకొచ్చిన రోజువారీ కబురు మళ్లీ లండన్, న్యూయార్క్‌ల మీదుగానే.

విదేశ వ్యవహారాలు కేంద్రం జాబితాలోవి, డెల్టాకు ఇందులో ఏం పని అన్నది పెద్దలు తరచూ వేసే ప్రశ్న. రొయ్యల చెరువుల గట్టు మీద నిలబడితే జవాబు దొరుకుతుంది. దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. మన రొయ్య కొనేవాళ్లలో అమెరికా మొదటిది, చైనా రెండోది. 2020లో ప్యాకింగ్ మీద కరోనా జాడలున్నాయంటూ చైనా కస్టమ్స్ కొన్ని భారతీయ కంపెనీల సరుకు ఆపింది. 2025లో అమెరికా సుంకం యాభై శాతానికి పెంచినప్పుడు ఎగుమతిదారుల చూపు మళ్లీ చైనా మీదికే పోయింది. కౌంటు ధర ఎంతన్నది రైతుకు ఆ సాయంత్రానికే తెలుస్తుంది. ఎందుకు పడిందో, ఎన్నాళ్లు పడి ఉంటుందో చెప్పేవాడు జిల్లాలో లేడు. కొత్త బందరు రేవుకు 2023లో పనులు మొదలయ్యాయి, నాగాయలంక దగ్గర క్షిపణి ప్రయోగ కేంద్రానికి 2025 మేలో శంకుస్థాపన జరిగింది. ఈ తీరం మీద పెద్ద రాజ్యాల కన్ను పడటానికి కారణాలు పెరుగుతున్నాయి, తగ్గడం లేదు.

యంత్రం క్షణంలో తర్జుమా చేస్తుంటే భాష నేర్చుకోవడం దేనికన్నది కొత్త ప్రశ్న. తర్జుమా మాటను ఇస్తుంది. ఆ మాట ఆ ఊళ్లో ఎవరు అన్నారు, గత ఏడాది ఏమన్నారు, ఈసారి ఏది అనలేదు అన్నది ఇవ్వదు. చైనా అధికార ప్రకటనల్లో అసలు సంగతి చాలాసార్లు ఆ అనని మాటలోనే ఉంటుంది. అక్కడికి వెళ్లి ఏళ్లపాటు ఉన్నవాడు వాళ్ల మనిషైపోతాడన్న అనుమానం ఇంకొకటి. కొంత నిజం, దుబాసీ కథే దానికి సాక్ష్యం. విరుగుడు వెళ్లనివ్వకపోవడం కాదు, జీతం ఎవరిస్తారన్నది. మెథోల్డ్ నాలుగేళ్లు బందరులో ఉండి గోల్కొండ మనిషి కాలేదు, ఎందుకంటే అతని అన్నం లండన్ నుంచి వచ్చేది. అసలు చిక్కు, ప్రభుత్వ సొమ్ము తినేవాడు ప్రభుత్వానికి చేదు మాట చెబుతాడా అన్నది. దీనికి పూర్తి జవాబు ఎవరి దగ్గరా లేదు. గడువుకు ముందు తీసేయలేని ఉద్యోగం, ఏటా అచ్చయి తీరవలసిన నివేదిక, తప్పిన అంచనాలను కూడా అందులోనే ఒప్పుకోవాలన్న నియమం ఉంటే చాలావరకు నెగ్గుకురావచ్చు. ఏడాది ఇజారా హవల్దారుకు లేనివి ఇవే.

మనుషులు సిద్ధంగానే ఉన్నారు. చైనా వైద్య కళాశాలల్లో ఐదారేళ్లు చదివి, ఆసుపత్రి వార్డుల్లో రోగులతో చైనీయంలో మాట్లాడి వచ్చిన తెలుగు డాక్టర్లు మన జిల్లాల్లో ఉన్నారు. తిరుపతి దగ్గర పెట్టే కర్మాగారం కోసం వూహాన్‌లో శిక్షణ పొంది, 2020 ఫిబ్రవరిలో విమానాల్లో తిరిగొచ్చిన తెలుగు ఇంజినీర్లు ఉన్నారు. వీళ్లు ఈ కాలపు దుబాసీలు. పరీక్ష పాసై క్లినిక్ పెట్టుకున్నాక, మరో కంపెనీలో చేరాక, వాళ్ల చైనీయం మూలపడుతుంది. వాళ్లు చూసిన ఆసుపత్రి, ఫ్యాక్టరీ, ఊరు, ధరలు ఎవరూ అడిగి రాసుకోరు. 2008లో వచ్చిన కృష్ణా విశ్వవిద్యాలయం బందరులోనే ఉంది. ఊళ్లో డచ్చి సమాధుల మీద పదిహేడో శతాబ్దపు పేర్లు, తేదీలు ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉన్నాయి. ఆ మనుషులు వారసులకు రాసిపెట్టిన కాగితాలు హేగ్‌లోని జాతీయ భాండాగారంలో, అడిగినవాడికి ఇప్పటికీ బయటికి తీసిస్తారు.